పక్షి ముఖ్యమా, మనిషి ముఖ్యమా? కొల్లేరు చెరువుల గొడవ మీద నా సమాధానం

మీ ప్రశ్న చదివానండి. కైకలూరు వైపు మీ బాబాయి గారికి చేపల చెరువు ఉంది, కొల్లేరు మీద కోర్టు అన్న మాట పేపర్లో కనపడినప్పుడల్లా ఆయన "పక్షులు ముఖ్యమా మనుషులు ముఖ్యమా" అని మొదలెడతారు, మీరు "ప్రకృతికి దానికంటూ ఒక విలువ ఉంటుంది బాబాయ్" అంటారు, ఆయన "ఆ విలువ ఏ బ్యాంకులో తాకట్టు పెట్టుకుంటారే" అని నవ్వేసి లేచి వెళ్లిపోతారు. ఇద్దరిలో ఎవరిది కరెక్టు, అసలు మనిషికి ఏ పనికీ రాని దానికి కూడా విలువ ఉంటుందా అని మీరు అడిగారు. నా ఉద్దేశంలో విలువ సంగతిలో మీరే కరెక్టు. కాకపోతే మీ బాబాయి గారు అడుగుతున్నది ఆ ప్రశ్న కాదు, ఆయన అడుగుతున్నది ఆ విలువకి డబ్బులు ఎవరి జేబులోంచి పోతున్నాయి అని, దానికి మీరు ఇంతవరకు సమాధానం చెప్పలేదు, అందుకే ఆయన నవ్వుతున్నారు.

నేను ఏలూరు వైపు డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, చాలా ఏళ్లు పర్యావరణ నీతి పాఠం కూడా నాకే పడేది. మా అమ్మ పుట్టిల్లు లంక గ్రామం. కాబట్టి ఈ గొడవ నాకు పుస్తకంలోంచీ తెలుసు, గట్టు మీదనుంచీ తెలుసు. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటేనే చదవండి.

ముందు కొల్లేరు అసలు ఎలా పనిచేస్తుందో చెప్తాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చి ఈ సబ్జెక్టు మాట్లాడేవాళ్లలో సగం మంది కొల్లేరుని పక్షుల బొమ్మల్లోనే చూసి ఉంటారు. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య మిగిలిపోయిన పల్లం అది, లోతు పెద్దగా లేని పళ్లెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక రెండు డెల్టాల మురుగు కాలవలు అన్నీ ఇందులోకే దిగుతాయి. బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరే దారి, అది సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో పడుతుంది. లోపలికి వచ్చే నీళ్లు ఎక్కువ, పోయే దారి ఇరుకు, అందుకని వానాకాలం సరస్సు పక్కలకి పరుచుకుంటుంది, వేసవికి ముడుచుకుంటుంది. సముద్ర మట్టానికి 10 అడుగుల ఎత్తు దాకా, అంటే +10 కాంటూరు దాకా నీళ్లు ఎక్కితే 900 చదరపు కిలోమీటర్లు, శాంక్చురీ అని గీసిన +5 కాంటూరు దాకా అయితే 308. అంటే కొల్లేరుకి పటం మీద గీసినట్టు ఒక అంచు ఎప్పుడూ లేదు, దాని అంచు నెలనెలా మారుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా తాతగారి రోజుల్లో బతుకు కూడా ఆ నీళ్లతో పాటే ఎక్కేది దిగేది. నీళ్లు ఉన్నప్పుడు తాటి దోనె, చేపలు పట్టే మావులు, వలలు. కొరమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, ఏది పడితే అది. నీళ్లు దిగాక బయటపడ్డ నేలలో దాళ్వా వరి, అంటే రెండో పంట. కిక్కిస గడ్డి కోసి ఇంటి కప్పుకీ దడికీ వాడుకునేవాళ్లు. ఇదంతా చెప్పి అదొక స్వర్ణయుగం అనేస్తే అబద్ధం అవుతుందండి. వరద వస్తే వారాల తరబడి ఇంట్లో నీళ్లు, పురిటి నొప్పులు వస్తే దోనె మీదే తీసుకెళ్లాలి, దాళ్వా పంట రెండు మూడేళ్లకోసారి మునిగేది, అప్పులు అలాగే ఉండేవి. అందుకే 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, చేపల చెరువులు తవ్వించి, మీ పేదరికం పోతుంది అంటే ఎవరూ కాదనలేదు. ఎలా కాదంటారు?

ఇక్కడ ఒక తమాషా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1976లో, 42వ సవరణతో రాజ్యాంగంలోకి 48ఎ, 51ఎ(జి) అధికరణలు వచ్చాయి. ఒకటేమో అడవుల్నీ వన్యప్రాణుల్నీ కాపాడటం రాజ్యం పని అంటుంది, రెండోది ప్రాణులన్నిటి మీదా దయ చూపటం పౌరుడి బాధ్యత అంటుంది. ఢిల్లీలో ఆ అక్షరాలు రాస్తున్నప్పుడే మా దగ్గర ప్రభుత్వమే సరస్సులో గట్లు వేయిస్తోంది. రెండూ మంచి ఉద్దేశంతోనే చేశారు, అది కూడా నిజం.

తర్వాత ఏం జరిగిందో మీ బాబాయి గారికి నాకంటే బాగా తెలుసు. సొసైటీ పేరు మీద చెరువు ఉండేది చేపలు పట్టే వడ్డీ కులం వాళ్లదీ, దళితులదీ, మిగతా చిన్న కులాలదీ. పెట్టుబడి వాళ్ల దగ్గర ఎక్కడిది, చెరువు తవ్వాలంటే డబ్బు, చేపపిల్ల కావాలంటే డబ్బు, తవుడు, చెక్క, మందు, కరెంటు. కాబట్టి చెరువు లీజుకి పోయింది. లీజుకి తీసుకున్నవాడు భీమవరంలోనో విజయవాడలోనో ఉంటాడు, లంకలో ఉన్నవాడు తన చెరువు మీదే కాపలాకి కూలీగా ఉంటాడు, ఏడాదికి ఇంతని ఇంటికి పంపకం వస్తుంది. శీలావతీ కట్లా చేపలు పెరిగి లారీల్లో ఐసు వేసుకుని హౌరా, అస్సాం దాకా పోయాయి. ఊళ్లోకి డబ్బు రాలేదు అనను. డాబాలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు, మీరు కూడా అలా చదివినవాళ్లే అయ్యుండొచ్చు, తప్పుగా అనుకోకండి. కానీ గట్ల మీద గట్లు లేచేసరికి నీళ్లు పరుచుకునే చోటు లేకుండా పోయింది.

1999లో +5 కాంటూరు లోపల అంతా వన్యప్రాణి అభయారణ్యం అని జీవో వచ్చింది. మామూలు వేట చేసుకోవచ్చు, సొంత జిరాయితీలో, అంటే పట్టా ఉన్న సొంత భూమిలో, వరి వేసుకోవచ్చు, చెరువులు తవ్వి ఆక్వా చేయకూడదు, స్థూలంగా ఇదీ దాని సారం. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా, రామ్‌సార్ జాబితాలో చేరింది. ఎవరూ పట్టించుకోలేదు, చెరువులు ఇంకా పెరిగాయి. ఆఖరికి సుప్రీంకోర్టు కమిటీ వచ్చి చూసి గట్టిగా చెప్పాక 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేయడం మొదలైంది. పొక్లెయిన్లు వచ్చాయి, కొన్ని గట్లకి మందుగుండు పెట్టి పేల్చారు. ఆ రోజుల్లో నేను మా మేనమామ గారి ఊళ్లో ఉన్నాను. గట్టు తెగినప్పుడు నీళ్లు ఒక్కసారిగా పోవు, ముందు బుడబుడమని మట్టి జారుతుంది, తర్వాత చేప వెల్లికిలా తేలుతూ వచ్చేస్తుంది, ఊరు ఊరంతా తట్టలూ చీరలూ పట్టుకుని పరిగెత్తారు. పండగలా ఉంది చూడ్డానికి. సాయంత్రానికి అదే జనం అరుగుల మీద కూర్చుని లెక్కలు వేసుకున్నారు, ఎవరికి ఎంత బాకీ అని. లీజుదారు అంతకు ముందే చేప పట్టేసుకుని పోయాడు. కాపలా కూలీకి ఆ నెల జీతం కూడా రాలేదు.

ఇప్పుడు మీ ఫిలాసఫీ ప్రశ్నకి వస్తాను. ఇంత కథ ఎందుకు చెప్పానంటే, పక్షి ఒక వైపు మనిషి ఒక వైపు అని గీసిన గీత ఈ కథలో ఎక్కడా కనపడలేదు, చూశారా. గట్టుకి అటు పక్కా మనుషులే ఉన్నారు, ఇటు పక్కా మనుషులే.

సరస్సుని కాపాడాలని వాదించేవాళ్లు మామూలుగా చెప్పేది ఉపయోగం లెక్క. కొల్లేరు వరదని పట్టి ఉంచుతుంది, మురుగుని వడకడుతుంది, భూగర్భ జలం నిలుపుతుంది, కాబట్టి కాపాడండి. ఈ వాదన బలమైనదే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ని ముంచింది అందరూ టీవీలో చూశారు, ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి వచ్చాయో మాత్రం ఎవరూ చూడలేదు, మా లంకల మీదకే వచ్చాయి, రోజుల తరబడి రోడ్లు తేలలేదు. గట్లు లేకపోతే ఆ నీళ్లు వెడల్పుగా పరుచుకుని పల్చగా ఉండేవి. బాబాయి గారికి ఈ వాదన చెప్తే ఆయన కాసేపు ఆలోచిస్తారు, ఎందుకంటే ఇందులో మునిగేది ఆయన ఇల్లు కూడా.

కానీ ఉపయోగం లెక్కతో మొదలెడితే ఉపయోగం లెక్కతోనే ఓడిపోవాల్సి వస్తుంది. రేపు ఒక ఇంజనీరు వచ్చి, ఉప్పుటేరుని వెడల్పు చేసి, మీద రెగ్యులేటర్ కట్టి, పైన బుడమేరుని కృష్ణలోకి ఇంకా పెద్ద కాలవతో మళ్లిస్తాను, వరద సమస్య తీరిపోతుంది, ఇంక కొల్లేరు మొత్తం చెరువులు చేసుకోండి అన్నాడనుకోండి. లెక్క సరిపోయింది. అప్పుడు గూడబాతుకి, అదే పెలికాన్ పక్షికి, చోటు ఉండాలని మీరు ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? గూడబాతు ఎవరి ఇంటినీ వరదనుంచి కాపాడదు. పైగా ఒక్కో పక్షి రోజుకి కిలో దాకా చేప లాగించేస్తుందని చెరువుల వాళ్ల గోల, టపాకాయలు కాల్చి తోలుతుంటారు.

క్లాసులో నేను ఇక్కడ ఒక పాత ఆలోచన చెప్పేవాణ్ణి. 1973లో రిచర్డ్ రౌట్లీ అనే తత్వవేత్త పెట్టిన ప్రశ్న అది. భూమ్మీద ఒక్కడే మనిషి మిగిలాడు, తన తర్వాత ఇంకెవరూ రారని వాడికి తెలుసు, పోతూపోతూ మిగిలిన చెట్టూ చేమా, పక్షీ పురుగూ అన్నీ నాశనం చేసి పోయాడు. ఏ మనిషికీ నష్టం లేదు, నష్టపోవడానికి మనిషే లేడు. వాడు చేసింది తప్పా కాదా? నేను దాన్ని కొల్లేరు భాషలోకి మార్చేసేవాణ్ణి, అందరూ వలసపోయారు, ఆఖరి లీజుదారు ఒక్కడే మిగిలాడు, వాడు కూడా రేపు పోతున్నాడు, ఇంకెవడూ ఈ వైపుకి రాడు, పోయేముందు ఊరికే సరదాగా సరస్సులో విషం కలిపి పోయాడు, ఎలా ఉంది అని. ఆక్వా కుటుంబాల పిల్లలు కూడా, "చెరువులు కొట్టకండి" అని ధర్నాకి పోయి వచ్చిన పిల్లలు కూడా, తప్పే మేష్టారూ అనేవాళ్లు. ఎందుకు తప్పు అంటే చెప్పలేరు. "పాపం కదండీ" అంటారు. ఎవరికి చేసిన పాపం అంటే మళ్లీ గప్‌చుప్.

నాకు ఆ "పాపం కదండీ" చాలు. మనకి ఉపయోగం లేకపోయినా ఇంకో ప్రాణికి దాని బతుకు దానికి ముఖ్యం, దాన్ని ఊరికే చెరిపేసే హక్కు మనకి లేదు అన్నది ఆ పిల్లలకి ఎవరూ నేర్పలేదు, ముందే తెలుసు. మీ బాబాయి గారిని కూడా ఇదే ప్రశ్న అడిగి చూడండి, ఆయన కూడా తప్పే అంటారు, పందెం. అలా అన్న క్షణంలో ఆయన మీ పక్షానికి వచ్చేసినట్టే. మన సుప్రీంకోర్టు కూడా 2013లో గిర్ సింహాల కేసులో ఇదే మాట చెప్పింది, మనిషి కేంద్రంగా కాకుండా ప్రకృతి కేంద్రంగా చూడాలి, జంతువులకి మనిషి అవసరంతో సంబంధం లేకుండా బతికే హక్కు ఉంది అని.

మరి ఇంత స్పష్టంగా ఉంటే గొడవ ఎందుకు? దీనికి జవాబు 1989లోనే చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశారు. పశ్చిమ దేశాల్లో పుట్టిన ఈ లోతైన పర్యావరణవాదాన్ని మన దేశానికి ఎత్తుకొస్తే ఏమవుతుందంటే, పులి పేరు చెప్పి పేదవాణ్ణి అడవిలోంచి లేపుతారు, చూడ్డానికి పట్నం నుంచి డబ్బున్నవాడు వస్తాడు, అని ఆయన వాదన. చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు కానీ 2006 చూశాక నాకైతే ఆయన మాట తీసెయ్యబుద్ధి కాదు. పక్షికి విలువ ఉంది అని తీర్మానించింది హైదరాబాద్‌లో, ఢిల్లీలో. ఆ విలువకి బిల్లు కట్టింది లంకలో కాపలా కూలీ. శీతాకాలం పక్షుల ఫోటోలకి కార్లలో వచ్చే వాళ్లలో ఎంతమంది ఆ కూలీ ఇంటి ముందు ఆగారు? నేను వాళ్లని తిట్టడం లేదు, నేనూ బైనాక్యులర్ వేసుకుని తిరిగేవాణ్ణే. ప్రకృతికి సొంత విలువ ఉంది అనేది ఎవరి నోట్లోంచి వచ్చినా నిజమే, కాకపోతే తన జేబులోంచి ఏమీ పోని మనిషి నోట్లోంచి వస్తే ఎదుటివాడు వినడు, వినాల్సిన అవసరం కూడా వాడికి లేదు.

బాబాయి గారు ఇంకో పాయింట్ కూడా తీస్తారు, మీరు రాయలేదు కానీ నేను గ్యారంటీగా చెప్పగలను. "అసలు కొల్లేరులో ఇంక ప్రకృతి ఏముంది, పక్షులు బతికేదే మా చెరువుల మీద" అని. ఇది తేలిగ్గా కొట్టేసే మాట కాదు. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లారా ఎప్పుడైనా? గూడబాతులు అక్కడ గూళ్లు పెట్టేది చెట్ల మీద కొన్నే, మిగతావన్నీ ఫారెస్టు వాళ్లు నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద. పుల్లా పుడకా తెచ్చుకుని ఆ ఇనుప చట్రం మీద పేర్చుకుంటాయి, ఒక్కో స్టాండు అపార్ట్‌మెంటులా నిండిపోయి ఉంటుంది, కింద నీళ్లు రెట్టతో తెల్లగా, వాసన మాత్రం భరించలేం. ఆ నీళ్ల చుట్టూ కూడా గట్టే. మేతకి అవి చుట్టుపక్కల చెరువుల మీద పడతాయి. అంటే ఇనుము మనిషిది, గట్టు మనిషిది, చేప కూడా మనిషి వేసిందే. మరి ఇందులో కాపాడాల్సిన ప్రకృతి ఏది?

దీనికి రెండు మాటలు చెప్తాను. మొదటిది సైన్సు మాట. గూడబాతు పెద్ద పక్షి, లోతు నీళ్లలో కూడా చేప పట్టుకోగలదు, కాబట్టి చెరువుల్లో నెగ్గుకొచ్చింది. కొల్లేరు అంటే గూడబాతు ఒక్కటే కాదు కదండీ. అడుగు లోతు నీళ్లలో నడుస్తూ నత్తగుల్లలు ఏరుకునే కొంగలు, బురద అంచున గుచ్చుకు తినే ఉల్లంకి పిట్టలు, నాచులో తిరిగే బాతులు, వీటికి కావాల్సింది పరుచుకున్న పల్చటి నీళ్లు, నెలనెలా జరిగే ఆ అంచు. చెరువుకి అంచు ఉండదు, నిలువు గట్టు దిగగానే ఆరడుగుల నీళ్లు. పైగా చెరువులో నాచు పెరగనివ్వరు. కొరమీనూ మట్టగిడసా లాంటి సొంత చేపలదీ ఇదే కథ. కాబట్టి "మా చెరువుల మీదే పక్షులు బతుకుతున్నాయి" అన్నది ఒకటి రెండు జాతుల వరకు నిజం, మిగతా వాటి గురించి మాట్లాడటానికి అవి అక్కడ లేవు, అంతే.

రెండోది నీతి మాట. మనిషి చెయ్యి పడింది కాబట్టి ఇంక అది ప్రకృతి కాదు, కాబట్టి దాని మీద బాధ్యత లేదు అనేది నాకు ఎప్పుడూ అర్థం కాని లాజిక్కు. చెయ్యి పడితే బాధ్యత పెరగాలి కదా? మనమే చెట్లు లేకుండా చేసి, మనమే ఇనుప స్టాండు పెట్టి, దాని మీద అది పిల్లల్ని పెట్టాక "ఇదేం సహజం కాదులే" అని చేతులు దులుపుకుంటే ఎలా? ఎవరి చెయ్యీ పడని అడవి అనే ఊహ అమెరికావాళ్లకి పనికొస్తుందేమో, అది కూడా అక్కడి మూలవాసుల్ని లెక్కలోంచి తీసేస్తేనే. మన డెల్టాలో కాటన్ దొర ఆనకట్ట దగ్గర్నుంచి ప్రతి చుక్క నీటి మీదా మనిషి చెయ్యి ఉంది.

ఇంతకీ ఆ విలువని ఎవరు కాపాడాలి, ఎవరి ద్వారా మాట్లాడాలి? ఈ మధ్య సరస్సులకీ నదులకీ మనిషితో సమానంగా చట్టంలో వ్యక్తి హోదా ఇవ్వాలని ఒక ఆలోచన నడుస్తోంది, 2017లో న్యూజిలాండ్ వాంగనుయ్ నదికి ఇచ్చింది, అదే నెలలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకి ఇచ్చింది. మన ఉత్తరాఖండ్ తీర్పు మీద కొన్ని నెలల్లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తేడా ఎక్కడుందో చూడండి. వాంగనుయ్ నదికి ఇద్దరు సంరక్షకులు, ఒకరు ప్రభుత్వం తరఫున, ఇంకొకరు ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉన్న మావోరీ తెగల తరఫున. గంగకి పెట్టిన సంరక్షకులు అందరూ ఆఫీసర్లే. అక్కడి జాలరి గానీ పడవ నడిపేవాడు గానీ ఆ జాబితాలో లేడు.

మన దగ్గర ఇందులో ఇంకో వింత ఉంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి ఉంది, సరస్సు మధ్యలో లంక మీద గుడి, జాతరకి రెండు వైపులనుంచీ జనం వస్తారు. మన చట్టం ప్రకారం గుళ్లో దేవత చట్టబద్ధమైన వ్యక్తి. ఆవిడ పేరు మీద భూమి ఉండొచ్చు, ఆవిడ తరఫున కోర్టులో దావా వెయ్యొచ్చు. ఆవిడ చుట్టూ ఉన్న సరస్సుకి మాత్రం ఆ హక్కు లేదు. లంకల్లో ముసలివాళ్లకి అమ్మవారు వేరు కొల్లేరు వేరు అని చెప్తే నవ్వుతారు. నేను కోర్టులు దేవుళ్ల పేరు మీద సరస్సులు రాసెయ్యాలనటం లేదు, దానిలో వచ్చే తలనొప్పులు నాకు తెలుసు. మనిషి కానిదానికి హక్కు ఏమిటి అని ఎగతాళి చేసేవాళ్లకి మాత్రం, మన చట్టం ఆ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉందని గుర్తు చేస్తున్నా.

సరే, మరి ఏం చెయ్యాలి అంటారా. నా అభిప్రాయం చెప్తాను, ఏకీభవించకపోతే తిట్టండి. +5 నుంచి +3 కి శాంక్చురీని కుదించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది, ఇప్పటికీ ప్రతి ఎలక్షన్‌లో అన్ని పార్టీల వాళ్లూ ఆ మాట చెప్తారు, తర్వాత వచ్చిన నిపుణుల కమిటీ వద్దంది. నేనూ వద్దనే అంటాను. పటం మీద గీత మారిస్తే నీళ్లకి తెలియదు, అవి +5 కి వస్తాయి, ఇంకా పైకి కూడా వస్తాయి, మీద గట్లు ఉంటే ఊళ్ల మీదకి వస్తాయి.

కానీ +5 లోపల ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టి ఆక్రమణదారులు అనడం అన్యాయం. అందులో కనీసం మూడు రకాల వాళ్లు ఉన్నారు. సొంత జిరాయితీ పట్టా ఉన్న రైతులు ఉన్నారు, వాళ్ల భూమి అభయారణ్యంలోకి పోయింది, వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు, ఆ పొలాన్ని అమ్ముకోలేరు, ఇష్టమొచ్చింది చేసుకోలేరు. ప్రజలందరి కోసం ఆ భూమి కావాలంటే ప్రజలందరూ కలిసి కొనాలి, అంటే ప్రభుత్వం మార్కెట్ రేటు కట్టి తీసుకోవాలి, ఇందులో నీతి చర్చ పెద్దగా ఏమీ లేదు, ఇన్నేళ్లు చెయ్యకపోవడమే సిగ్గుచేటు. తర్వాత సొసైటీల్లో పేర్లున్న లంక జనం. వాళ్లని ఇందులోకి దించింది ప్రభుత్వమే, కాబట్టి బయటికి తీసుకొచ్చే ఖర్చూ దానిదే. పైగా వేట హక్కులు కాగితం మీద ఉంటే చాలదు, నీళ్ల మీద కమ్ముకునే గుర్రపు డెక్క కలుపు తీసి, ఉప్పుటేరులో పూడిక తీసి, సరస్సులో చేప బతికేలా చేస్తేనే కదా వేటకి వెళ్లేది. మూడోవాళ్లు బయటినుంచి వచ్చి బినామీ పేర్ల మీద వందల ఎకరాలు చేస్తున్నవాళ్లు. వీళ్లకి పైసా ఇవ్వక్కర్లేదు. ప్రతిసారీ జరిగేది ఏమిటంటే ఈ మూడోవాళ్లు రెండోవాళ్లని ముందు నిలబెట్టి "పేదల పొట్ట కొడుతున్నారు" అని ధర్నా చేయిస్తారు, టీవీల్లో రెండోవాళ్ల కన్నీళ్లే కనపడతాయి. ఆ కన్నీళ్లు నిజమైనవే, అందుకే అది అంత బాగా పనిచేస్తుంది.

ఇది అయ్యే పని కాదు, పక్షులూ మనుషులూ కలిసి ఉండలేరు అని ఎవరైనా అంటే సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు వెళ్లి చూడమనండి. అక్కడా ఇవే గూడబాతులు, చెరువులో చెట్ల మీద గూళ్లు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు ఖర్చు కలిసొస్తుందని ఊరివాళ్లకి తెలుసు, పక్షి జోలికి ఎవరూ పోరు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే కాపురం, ఆ ఏడు పక్షులు ఆలస్యంగా వస్తే ఊళ్లో దిగులు. ఆ ఊళ్ల వాళ్లు మన కంటే పుణ్యాత్ములు అని కాదు. అక్కడ పక్షి వల్ల వచ్చే లాభమూ నష్టమూ ఒకే ఊరి చేతిలో ఉన్నాయి. కొల్లేరులో లాభం ఒకడిది, నష్టం ఇంకొకడిది, నిర్ణయం మూడోవాడిది.

కాబట్టి ఈసారి బాబాయి గారితో మాట్లాడేటప్పుడు పక్షి గొప్పదనం గురించి లెక్చర్ ఇవ్వకండి. ముందు ఆఖరి లీజుదారు విషం ప్రశ్న అడగండి, తప్పే అంటారు. తర్వాత ఎవరు ఎంత పోగొట్టుకోవాలి అని కాగితం తీసుకుని కూర్చోండి, ఆ లెక్కలో మీ కుటుంబం వాటా కూడా రాయండి, అందులోంచే మీ ఫీజులు కట్టి ఉంటే అది కూడా రాయండి. అప్పుడు ఆయన లేచి వెళ్లిపోరు.

ఇంకో మాట. మీ బాబాయి గారి చెరువు జిరాయితీలో ఉందా, సొసైటీదా, లేక లీజుకి తీసుకున్నదా, మీరు అది రాయలేదు. +5 లోపలా బయటా అన్నది కూడా. అవి తెలిస్తే ఆయన విషయంలో ఏది న్యాయమో ఇంకాస్త సూటిగా చెప్పగలను. జిరాయితీ అయితే అడంగల్ కాపీ, పాత పాసుపుస్తకం, అప్పట్లో వచ్చిన నోటీసులు ఏమైనా ఉంటే అన్నీ జాగ్రత్తగా దాచమనండి, నష్టపరిహారం ఫైలు ఎప్పుడు కదిలినా మొదట అడిగేది అవే.